షార్లట్ అమాలియాలో తొంభై తొమ్మిది మెట్లు: కింద కోట నుంచి కొండ మీద బురుజు దాకా ఎలా ఎక్కాలి

అమెరికాలో ఉండే మనవాళ్లు థాంక్స్‌గివింగ్‌కో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కో ఫ్లోరిడా నుంచి క్రూజ్ ఎక్కితే, ఆ ఓడ ఆగే చోట్లలో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవి తరచుగా ఉంటుంది. అమెరికా వర్జిన్ ఐలాండ్స్‌లో ఒకటి ఇది, దీని ముఖ్య పట్టణమే షార్లట్ అమాలియా. పొద్దున దిగుతారు, ట్యాక్సీ మాట్లాడుకుని మేగన్స్ బే బీచ్‌కి వెళ్తారు, మధ్యాహ్నం మెయిన్ స్ట్రీట్‌లో నగల షాపులు చూసుకుని సాయంత్రానికి మళ్లీ ఓడెక్కేస్తారు. ఆ షాపుల వెనకే, కాస్త పైకి నడిస్తే చాలు, 1700ల నాటి ఇటుక మెట్ల దారి ఒకటి ఉంది. అది ఎక్కి ఇంకాస్త పైకి వెళ్తే 1679లో డేన్లు, అంటే డెన్మార్క్ వాళ్లు, కట్టిన రాతి బురుజు వస్తుంది. పని మొత్తం గంటన్నర, తీరిగ్గా అయితే రెండు గంటలు.

టూర్ వ్యాన్లలో వెళ్లేవాళ్లని చాలాసార్లు కొండ మీద దించి మెట్ల మీదుగా కిందికి నడిపిస్తారు, ఎక్కే ఆయాసం ఉండదని. నా సలహా దానికి పూర్తిగా వ్యతిరేకం. కింద నుంచే ఎక్కండి. ఈ ఊరు నీళ్ల ఒడ్డున మొదలై పైకి పెరిగిన ఊరు. ఒడ్డున కోట, దాని వెనక బజారు, ఆ పైన పెద్దల ఇళ్లు, అన్నిటికంటే పైన కాపలా బురుజు. ఆ వరసలో నడిస్తే ఊరు ఎందుకిలా ఉందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. దిగేటప్పుడు కళ్లన్నీ కాళ్ల మీదే ఉంటాయి, ఊరి మీద ఉండవు.

ముందు కాగితాల సంగతి

ఇది మనవాళ్లకే ఎక్కువ అవసరం కాబట్టి మొదట చెబుతున్నా. సెయింట్ థామస్ అమెరికా భూభాగం. డెన్మార్క్ దగ్గర 2.5 కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొన్నారు, 1917 మార్చి 31న జెండా మారింది. అందుకని మయామీ నుంచో అట్లాంటా నుంచో విమానంలో వెళ్తే అది డొమెస్టిక్ ప్రయాణమే. అయితే తిరిగి వచ్చేటప్పుడు అక్కడి ఎయిర్‌పోర్ట్‌లో విమానం ఎక్కేముందు కస్టమ్స్, ఇమిగ్రేషన్ వాళ్ల చెకింగ్ ఉంటుంది. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్ట్, ఐ-94, ఐ-797 చేతి బ్యాగులో పెట్టుకోండి. చదువుకునేవాళ్లు ఐ-20, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు ఆ కార్డు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ల పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు. "డొమెస్టిక్ కదా" అని ఇంట్లో వదిలేసి వచ్చి, అక్కడ క్యూలో నిలబడి టెన్షన్ పడే పరిస్థితి మనకొద్దు.

క్రూజ్‌లో వెళ్తే లెక్క వేరు. అదే ఓడ బహామాస్‌లోనో సెయింట్ మార్టెన్‌లోనో ఆగితే మీరు అమెరికా దాటినట్టే. అలాగే సెయింట్ థామస్ నుంచి పక్కనున్న టోర్టోలాకి ఫెర్రీలు ఉంటాయి, అది బ్రిటిష్ వాళ్లది, అక్కడ కాలు పెడితే విదేశానికి వెళ్లినట్టే. వీసా స్టాంప్ గడువు అయిపోయినవాళ్లు టికెట్ కొనకముందే లాయర్ని అడగండి.

ఎప్పుడు ఎక్కాలి

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా గాలి పొడిగా, హాయిగా ఉంటుంది, కాకపోతే ఓడలూ అప్పుడే ఎక్కువ. జూన్ నుంచి నవంబర్ తుఫాన్ల కాలం, అందులోనూ ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య ప్రయాణం పెట్టుకుంటే రోజూ వాతావరణం చూసుకోవాల్సిందే. ఏ నెలైనా సరే, పొద్దున తొమ్మిదిలోపు మెట్ల దగ్గర ఉండండి. పదిన్నర దాటితే ఎండ నెత్తిన పడుతుంది, సముద్రం పక్కనే కాబట్టి ఉక్క కూడా. విశాఖలో మే నెల పొద్దుటి పూట గుర్తు తెచ్చుకోండి, అదే చెమట.

గడియారం విషయంలో ఒక్క జాగ్రత్త. వర్జిన్ ఐలాండ్స్‌లో ఏడాది పొడవునా ఒకటే టైమ్, వేసవికి గంట ముందుకు జరపడం లేదు. అంటే వేసవిలో న్యూయార్క్ టైమ్‌తో సమానం, చలికాలంలో న్యూయార్క్ కంటే గంట ముందు. ఓడ మాత్రం కొన్నిసార్లు తన టైమ్ తనే నడుపుకుంటుంది. ఫోన్ లోకల్ టైమ్‌కి మారిపోతుంది, ఓడ మారకపోవచ్చు. దిగేముందు తిరిగి ఎక్కాల్సిన టైమ్ ఏ గడియారం ప్రకారమో అడిగి కాగితం మీద రాసుకోండి.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకోవాలి

బూట్లు. ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. బీచ్‌కి వెళ్తున్నాం కదా అని రబ్బరు చెప్పులతో వస్తారు, ఈ ఇటుకలు కొన్నిచోట్ల నున్నగా అరిగి ఉన్నాయి, వాన చినుకు పడితే నాచు పట్టినచోట కాలు జారుతుంది. నాకే జారింది, మోచెయ్యి గోడకి కొట్టుకుంది, ఆ రోజంతా మంట. అడుగున పట్టు ఉన్న బూటు వేసుకుంటే ఆ బాధ ఉండదు. మనిషికి లీటరు నీళ్లు, టోపీ, చిన్న డాలర్ నోట్లు. బురుజు దాకా చక్రాల స్ట్రోలర్ తోసుకెళ్లడం జరగని పని, పసిపిల్లల్ని వీపుకో గుండెకో కట్టుకోవాల్సిందే.

ఓడ దగ్గర నుంచి ఊళ్లోకి

ఓడలు ఆగే చోట్లు రెండు: హావెన్‌సైట్, క్రౌన్ బే. హావెన్‌సైట్‌లో దిగితే ఒడ్డు వెంబడి అరగంట నడకలో ఊరు వచ్చేస్తుంది, పొద్దున పూట నడవచ్చు. క్రౌన్ బే నుంచి అయితే ట్యాక్సీ ఎక్కడమే మంచిది. ఇక్కడ ట్యాక్సీలంటే చాలావరకు సఫారీలు, ట్రక్కు వెనక భాగంలో బెంచీలు వేసి పైన కప్పు వేసిన బండ్లు, పక్కలు తెరిచి ఉంటాయి. ఛార్జీ బండికి కాదు, మనిషికి లెక్క. ఎక్కకముందే "తలకెంత" అని అడిగేయండి, నలుగురున్న కుటుంబానికి తేడా బాగా కనిపిస్తుంది.

రోడ్డు దాటేటప్పుడు అమెరికా అలవాటు పక్కన పెట్టండి. ఇక్కడ బండ్లు ఎడమ వైపు నడుస్తాయి, మన దేశంలోలాగే. ముందు కుడివైపు చూడాలి. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఇది తెలియదు, చెయ్యి పట్టుకుని దాటించండి.

ఇంకోటి. ఎవర్ని దారి అడిగినా, షాపులోకి వెళ్లినా, ట్యాక్సీ ఎక్కినా ముందు "గుడ్ మార్నింగ్" అనాలి. మధ్యాహ్నమైతే "గుడ్ ఆఫ్టర్‌నూన్", చీకటి పడ్డాక "గుడ్ నైట్". అవును, ఇక్కడ "గుడ్ నైట్" కలిసినప్పుడు కూడా చెప్పే మాటే. పలకరించకుండా "ఎక్స్‌క్యూజ్ మీ, మెట్లెక్కడ?" అంటే మొహం ముడుచుకుంటారు. మన ఊళ్లల్లో పెద్దవాళ్ల ఎదుటికి వెళ్లి "బాగున్నారా" అనకుండా పని చెప్పం కదా, అంతే.

కోట నుంచి మొదలుపెట్టండి

ఒడ్డున ఎర్ర రంగు కోట కనిపిస్తుంది, ఫోర్ట్ క్రిస్టియన్. 1672లో డేన్లు వచ్చి మొదలుపెట్టి 1680కి పూర్తి చేశారు. ఈ దీవుల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో ఇదే పాతది. లోపలికి వెళ్లకపోయినా ఫర్వాలేదు, బయట నిలబడి ఒక్కసారి కొండ మీదకి చూడండి. కోట నీళ్ల మట్టానికే ఉంది. ఇక్కడ కాపలా ఉన్న సిపాయికి రేవు బయట దూరంగా వచ్చే ఓడ కనిపించదు. అందుకే కొండ మీద బురుజు కావాల్సి వచ్చింది. మీరు ఎక్కబోయేది ఆ దారి.

కోట పక్కనే ఎమాన్సిపేషన్ గార్డెన్, విముక్తి తోట అనుకోవచ్చు. డేనిష్ దీవుల్లో 1848 జూలై 3న బానిసత్వం రద్దయింది, ఆ గుర్తుకే ఈ తోట. దానంతట అది రద్దు కాలేదు, పక్కనున్న సెయింట్ క్రాయ్ దీవిలో వేలమంది బానిసలు కోట ముందుకొచ్చి నిలబడితే గవర్నర్ పీటర్ వాన్ షోల్టెన్ ప్రకటన చేశాడు. తోటలో శంఖం ఊదుతున్న మనిషి విగ్రహం ఉంది. బానిసలు పనిచేసే ఒక చెరకు తోట నుంచి ఇంకో చెరకు తోటకి కబురు పంపడానికి శంఖమే వాడేవారు. దాని ముందు ఐదు నిమిషాలు కూర్చోండి. పైన మెట్ల దగ్గర మళ్లీ ఈ విషయం గుర్తొస్తుంది.

అక్కడి నుంచి పైకి, కోంగెన్స్ గాడె అనే వీధిలోకి వెళ్లాలి. గాడె అంటే డేనిష్‌లో వీధి. కోంగెన్స్ గాడె రాజుగారి వీధి, కింద మెయిన్ స్ట్రీట్ అసలు పేరు డ్రోనింగెన్స్ గాడె, రాణిగారి వీధి. ఊరి పేరు కూడా ఒక డేనిష్ రాణిదే, 1691లో పెట్టారు. కోంగెన్స్ గాడెలో తెల్లగా, ఇనుప బాల్కనీలతో గవర్నమెంట్ హౌస్ ఉంటుంది, 1867 నాటిది. అదే వీధిలో హోటల్ 1829 అనే పాత భవనం, ఆ దగ్గర్లోనే కొండలోకి వెళ్లే మెట్లు. బోర్డు కోసం వెతుక్కుంటూ ముందుకి వెళ్లిపోకండి, చెట్ల నీడలో ఉంటాయి.

మెట్లు

పేరు తొంభై తొమ్మిది, ఉన్నవి 103. నేను అమ్మతో వెళ్లాను. అలిపిరి మెట్ల మీద ఒక్కో మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ మూడున్నర వేల మెట్లు ఎక్కిన మనిషి ఆవిడ, కాబట్టి ఇది ఆవిడకి లెక్కే కాదనుకున్నా. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. వంగి వేలితో ఇటుక అంచు తడిమి, "చూడు నాన్నా, ఎంత అరిగిందో, ఎంతమంది ఎక్కి ఉంటారో" అంది. అప్పుడు నేనూ వంగి చూశాను. ఇటుకలు మన ఇటుకలంత లావు లేవు, సన్నవి. కొన్ని ఎర్రవి, కొన్ని లేత పసుపు. నిలువుగా పేర్చి సున్నంతో బిగించారు, అంచులు గుండ్రంగా అరిగి, మధ్య సందుల్లో పచ్చని నాచు.

ఆ ఇటుకలు ఇక్కడివి కావు. డెన్మార్క్ నుంచి ఖాళీగా బయల్దేరే ఓడ సముద్రంలో ఒరిగిపోకుండా అడుగున బరువు వేయాలి, ఆ బరువుకి ఇటుకలు నింపేవారు. ఇక్కడికొచ్చాక ఇటుకలు దించి, వాటి చోట పంచదార లాంటి సరుకు ఎక్కించుకుని తిరిగి వెళ్లేవారు. దించిన ఇటుకలతోనే ఊరు కట్టారు. మెట్లెందుకంటే, డెన్మార్క్‌లో కూర్చుని ఊరి ప్లాన్ గీసినవాళ్లు కొండల్ని లెక్కలోకి తీసుకోలేదని, కాగితం మీద తిన్నగా గీసిన వీధి కొండకి తగిలినచోటల్లా మెట్లు కట్టుకోవాల్సి వచ్చిందని ఇక్కడ చెప్పుకుంటారు. ఊళ్లో ఇలాంటి మెట్ల వీధులు ఇంకా ఉన్నాయి, పేరు వచ్చింది దీనికి. 1700ల మధ్యలో ఈ ఊళ్లో బరువు మోసే పని ఎవరు చేసేవారో వేరే చెప్పక్కర్లేదు. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. కింద తోటలో శంఖం ఊదుతున్న మనిషి ఇక్కడే గుర్తొస్తాడు.

ఎక్కే పద్ధతి తేలికే కానీ పాటించాలి. మెట్లు ఎత్తు తక్కువే, అయితే అన్నీ ఒకే ఎత్తులో లేవు. ఇంటి మెట్లలా అలవాటుగా కాలు వేస్తూ పోతే మధ్యలో ఒకటి తేడా వచ్చి తడబడతారు. పాదం మొత్తం ఆనించి, గోడ వైపు నడవండి, ఎదురు వచ్చేవాళ్లకి మధ్య దారి వదిలేయండి. ఇరవై ఐదు మెట్లకోసారి ఆగి వెనక్కి తిరగండి. ఇది మాత్రం తప్పకుండా చేయండి. మొదటిసారి తిరిగితే వీధి మాత్రమే కనిపిస్తుంది, రెండోసారికి ఎర్ర రేకుల కప్పులు, మూడోసారికి వాటి మీదుగా రేవు. ఓడ దిగినప్పుడు కొండంత కనిపించిన మీ క్రూజ్ ఓడ అక్కడి నుంచి బొమ్మలా ఉంటుంది. పిల్లలుంటే తలా ఒక లెక్క పెట్టమనండి, చదునుగా ఉన్న చోటు మెట్టా కాదా అన్న గొడవలో ఎవరి అంకె వాళ్లకొస్తుంది, పైకి వచ్చేసరికి అలసట తెలియదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే పావుగంట పడుతుంది, పట్టనివ్వండి. పక్కన ఇళ్లున్నాయి, ఇది వీధి, మనుషులు ఉండే వీధి. గేట్లలోంచి తొంగి చూడటం, ఇళ్ల అరుగుల మీద కూర్చుని ఫోటోలు దిగటం వద్దు. ఇగ్వానాలు కనిపిస్తాయి, మన ఉడుము లాంటివే, పచ్చగా పెద్దగా ఉంటాయి. వాటి జోలికి పోకపోతే మన జోలికి రావు, చేత్తో తిండి పెట్టకండి.

మెట్లయ్యాక బురుజు దాకా

మెట్లు అయిపోగానే కొండ ఎక్కేశామనుకుంటారు, ఇంకా ఉంది. పైన క్రౌన్ హౌస్ అనే 18వ శతాబ్దపు ఇల్లు కనిపిస్తుంది, ఇందాక చెప్పిన వాన్ షోల్టెన్ ఉన్న ఇల్లు, బయట నుంచి చూసి కదలండి. అక్కడి నుంచి ఇంకొంచెం చడావు ఎక్కితే బురుజు.

దాని అసలు పేరు స్కిట్స్‌బోర్గ్. గుండ్రంగా, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ ఉండే రాతి కట్టడం. మ్యాపుల్లో, బోర్డుల మీద మాత్రం బ్లాక్‌బియర్డ్ కాజిల్ అని ఉంటుంది. బ్లాక్‌బియర్డ్ అంటే నల్లగడ్డం సముద్రపు దొంగ, 1718లో నార్త్ కరోలినా తీరంలో చంపేశారు. అతను ఈ బురుజులో ఉన్నాడనడానికి ఆధారం ఏమీ లేదు. పిల్లలకి దొంగ కథ చెప్పండి, తప్పులేదు, అసలు సంగతీ చెప్పండి, అది దొంగది కాదు, దొంగల మీద కన్నేసిన కాపలావాళ్లది అని. నాకైతే ఆ కథే బాగుంటుంది. 1994లో అమెరికా దీన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

బురుజు ఉన్న స్థలం ప్రైవేటు ఆస్తి, గేటు ఎప్పుడూ తెరిచి ఉంటుందని నమ్మకం లేదు. 2017 సెప్టెంబర్‌లో రెండు వారాల తేడాతో ఇర్మా, మరియా తుఫాన్లు ఈ దీవుల్ని చావుదెబ్బ కొట్టాయి, ఆ దెబ్బ నుంచి కొండ మీద చోట్లన్నీ ఒకేసారి తేరుకోలేదు. మమ్మల్ని తీసుకొచ్చిన ట్యాక్సీ ఆయన "తెరిచే ఉంది" అన్నాడు, పైకి వెళ్తే తాళం. అమ్మ మొహం చిన్నబోయింది, నాకూ కష్టంగా అనిపించింది, ఆవిడ మళ్లీ ఇంత దూరం వస్తుందో లేదో కదా. అందుకే చెబుతున్నా, అదే రోజు పొద్దున ఒకరిద్దర్ని అడిగి కనుక్కోండి. మూసి ఉంటే గోడలెక్కి లోపలికి దూకే ప్రయత్నం వద్దు. మెట్లు ప్రజల దారి, అవి ఎప్పుడూ ఎక్కొచ్చు, పై నుంచి రేవు చూడటానికి ఎవరూ టికెట్ అడగరు.

రేవులో ముందుగా కనిపించేది హాసెల్ ఐలాండ్. ఒకప్పుడు సెయింట్ థామస్‌కి అంటుకునే ఉండేది, 1860లలో డేన్లు మధ్యలో కాలువ తవ్వితే దీవి అయింది. దాని వెనక వాటర్ ఐలాండ్. కింద ఊరంతా ఎర్ర కప్పులు. ఆ కప్పుల్ని ఊరికే చూసి వదిలేయకండి. ఈ దీవిలో నదులు లేవు, చాలా ఇళ్లకి వాన నీళ్లే ఆధారం, కప్పు మీద పడ్డ ప్రతి చుక్కా గొట్టాల్లోంచి ఇంటి కింద తొట్టిలోకి వెళ్తుంది, ఇల్లు కట్టేటప్పుడే తొట్టి కట్టాలన్నది ఇక్కడి రూలు. ఇక్కడివాళ్లు నీళ్లు పొదుపుగా వాడటం చూస్తే అనంతపురం వైపు పెరిగినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. హోటల్లో దిగినవాళ్లు షవర్ కింద అరగంట నిలబడకండి.

దిగడం

దిగేటప్పుడే మోకాళ్ల మీద భారం. అడ్డంగా, కాస్త పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగితే నొప్పి తక్కువ. ఫోన్ జేబులో పెట్టేయండి. మోకాళ్లు బొత్తిగా సహకరించనివాళ్లు పైన రోడ్డు ఉంది కాబట్టి ట్యాక్సీ పిలిపించుకోవచ్చు, ఎక్కడం అయిపోయింది కనుక ఏమీ పోగొట్టుకున్నట్టు కాదు. చీకటి పడకముందే దిగిపోండి, ఆ పై వీధులు సాయంత్రానికి నిర్మానుష్యంగా ఉంటాయి, దీపాల మీద భరోసా పెట్టుకోకూడదు.

టైమ్ మిగిలితే పక్క కొండ మీద 1833లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం చూడండి. లోపల నేల మీద ఇసుక పరిచి ఉంటుంది. దాన్ని కట్టడానికి మూడేళ్ల ముందు ఈ ఊళ్లోనే కమీల్ పిస్సారో పుట్టాడు, తర్వాత ఫ్రాన్స్‌లో పెద్ద చిత్రకారుడయ్యాడు, పుట్టిన ఇల్లు మెయిన్ స్ట్రీట్‌లో ఉంది.

ఆకలేస్తే "పాటే" అనే ఇక్కడి తిండి అడగండి, లోపల కూర పెట్టి మడిచిన పిండిని నూనెలో వేయించినది, మన కజ్జికాయ ఆకారంలో కారంగా ఉంటుంది. లోపల మాంసమో చేపో కూడా పెడతారు కాబట్టి శాకాహారులు "వెజిటబుల్ పాటే" అని విడమరిచి చెప్పాలి, అది కూడా "గుడ్ ఆఫ్టర్‌నూన్" అన్నాకే. మేం తిన్నది రోడ్డు పక్కన వ్యాన్ దగ్గర. అమ్మ "గుడ్ ఆఫ్టర్‌నూన్" అనగానే ఆ వ్యాన్ ఆవిడ "గుడ్ ఆఫ్టర్‌నూన్, మమ్మీ" అని పెద్దగా నవ్వి, మెట్లు ఎక్కి వస్తున్నామని తెలిసి అమ్మకి స్టూల్ తెచ్చి వేసింది. అమ్మ కూర్చుని, చీర కుచ్చిళ్లకి అంటిన ఎర్ర ఇటుక పొడి దులుపుకోబోయి, ఎందుకో ఆగి, అలాగే ఉంచేసింది.